ఆనందం గుమ్మం బయటే ఆగిపోయిందా?



ఆగమన కాలంలో మూడవ ఆదివారం వచ్చేసరికి పీఠం దగ్గర ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. రెండు వారాలుగా ఊదారంగు పూజావస్త్రాలు ధరించిన గురువు ఆ రోజు గులాబీరంగు వస్త్రాలలో రావచ్చు. ఆగమన వలయంలో గులాబీరంగు కొవ్వొత్తి వెలుగుతుంది. లతీను భాషలో ఆ ఆదివారానికి 'గౌదేతే' అని పేరు. 'ఆనందించండి' అని దాని అర్థం. ఆనాటి పూజలోని ప్రవేశ వచనాన్ని శ్రీసభ పునీత పౌలుగారు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ నుండి తీసుకొన్నది. ఎల్లవేళలా ప్రభువునందు ఆనందించమని పౌలుగారు అక్కడ చెబుతారు. చెప్పినదే మళ్ళీ ఇంకొకసారి చెబుతారు (ఫిలిప్పీ 4:4).

ప్రసంగ వేదిక మీద నిలబడి ఈ మాట చెప్పడం సులువే. కాని ఎదురుగా కూర్చున్న వారి ముఖాలు చూసినప్పుడు గురువుకు నోరు తడబడుతుంది. మిరప తోట తెగులుతో పోయిన రైతు ఒక ప్రక్క కూర్చున్నాడు. భర్తను సమాధి చేసి ఇంకా నలభై రోజులు నిండని సోదరి మరొక ప్రక్క కూర్చున్నది. ఆనందించమని ఆజ్ఞాపించినంత మాత్రాన ఆనందం వస్తుందా? దుఃఖంలో ఉన్నవారికి ఈ మాట పుండు మీద కారం కాదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఆ మాట ఎవరు ఎక్కడ నుండి చెప్పారో గమనించాలి. పౌలుగారు ఆ లేఖ వ్రాసినప్పుడు సంకెళ్ళలో ఉన్నారు. అంతకు మునుపు ఫిలిప్పీ పట్టణంలోనే ఆయననూ సీలానూ బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. నడిరేయి వేళ వారిద్దరూ దేవుని కీర్తిస్తూ పాడుతుంటే తక్కిన ఖైదీలు విన్నారు. ఆ రాత్రే చెరసాల అధికారి వారి గాయాలు కడిగాడు, ఇంటికి తీసుకొనిపోయి అన్నం పెట్టాడు, ఇంటిల్లిపాదితో కలిసి ఆనందించాడు (అపోస్తలుల కార్యములు 16:25-34). కనుక ఆ లేఖను సంఘంలో చదివినప్పుడు, 'ఈయనకేమి తెలుసు మా కష్టం' అని ఫిలిప్పీయులు అనుకొని ఉండరు. కష్టాలు తీరిన తరువాత మిగిలేది కాదు ఆయన చెప్పిన ఆనందం. కష్టం మధ్యలోనే ప్రభువు తోడుగా ఉన్నాడన్న నమ్మకం నుండి పుట్టేది.

మనం సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాం. కాని ఆ వచనానికి పైనున్న రెండు వచనాలు ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? యువోదియ, సింతికె అనే ఇద్దరు స్త్రీలు ఆ సంఘంలో ఉన్నారు. ఇద్దరూ పౌలుగారితో కలిసి సువార్త కోసం పాటుపడినవారే. ఏ కారణం చేతనో ఇద్దరికీ పడలేదు. ప్రభువునందు ఏకమనస్సు కలిగి ఉండండని పౌలుగారు ఇద్దరినీ పేరు పేరునా బతిమాలారు. వారికి సాయపడమని మరొక సహచరుణ్ణి కూడా కోరారు. ఆ తరువాతే ఆనందించమన్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ముఖం చాటేసుకొని కూర్చున్న సంఘంలో ఆనందం గురించి ఎంత చెప్పినా ప్రయోజనం లేదని ఆయనకు బాగా తెలుసు.

పునీత తోమాస్ అక్వీనాసుగారు ఆనందాన్ని గురించి చర్చిస్తూ, అది వేరుగా ఒక సుగుణం కాదని, దైవప్రేమకు కలిగే ఫలమని వివరించారు. చెట్టును వదిలి కాయను వెతికితే దొరకదు. అలాగే ప్రేమను వదిలి ఆనందాన్ని వెతికితే దొరకదు. ఆ ఆనందానికి విరోధి అయిన అసూయను గురించి కూడా ఆయన వ్రాశారు. పొరుగువాని మేలును చూసి, అది మనకు నష్టమన్నట్లు బాధపడటమే అసూయ. పొరుగింటి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు మన గుండెలో ఏమి జరుగుతుందో ఒకసారి నిజాయితీగా చూసుకొందాం.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్ద కొడుకు పరిస్థితి ఇదే (లూకా 15:25-32). ఇంటిలో విందు జరుగుతున్నది. వాద్యాలు మ్రోగుతున్నాయి. అతడు ఆకలితో పొలం నుండి వచ్చాడు. అయినా గుమ్మం దాటి లోపలికి పోలేదు. ఆనందం కొరత వల్ల కాదు, తమ్మునితో కలిసి కూర్చోలేక బయట నిలబడ్డాడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలుకొన్నాడు. చివరకు అతడు లోపలికి వెళ్ళాడో లేదో యేసుప్రభువు చెప్పలేదు. ఆ జవాబు మనమే చెప్పాలని విడిచిపెట్టినట్లున్నది.

నేను ఒక విచారణలో పనిచేసిన రోజులలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా కోర్టు దాకా పోయింది. ఆదివారం పూజకు ఇద్దరూ వచ్చేవారు. ఒకరు కుడిప్రక్క, మరొకరు ఎడమప్రక్క కూర్చునేవారు. సమాధానం ఇచ్చుకొనే వేళ ఇద్దరూ గోడ వైపు తిరిగేవారు. వారిని దృష్టిలో పెట్టుకొని నేను కనీసం మూడు ప్రసంగాలు చేశాను. 'ఫాదరుగారు మా తమ్ముణ్ణి బాగా అడిగారు' అని అన్న సంతోషించాడు. 'మా అన్నకు తగిలేలా చెప్పారు' అని తమ్ముడూ సంతోషించాడు. వారి ముసలి తల్లి మాత్రం క్రిస్మసు రోజున ఏ కొడుకు ఇంటిలోనూ భోంచేసేది కాదు. ఒకరి ఇంటిలో తింటే రెండవవాడు నొచ్చుకొంటాడని తన గదిలోనే చద్దన్నం తినేది.

ఒక ఏడాది క్రిస్మసు ముందురోజు అన్నగారి భార్య అరిసెలు వండింది. ఎవరితోనూ చెప్పకుండా ఒక పళ్ళెంలో పెట్టి చిన్నపిల్లతో మరిది ఇంటికి పంపింది. మన ఇళ్ళలో పళ్ళేన్ని ఖాళీగా తిరిగి పంపే అలవాటు లేదు కదా! సాయంత్రానికి ఆ పళ్ళెం జంతికలతో తిరిగి వచ్చింది. మరునాడు ఆ తల్లి పగలు ఒక కొడుకు ఇంటిలో, రాత్రి మరొక కొడుకు ఇంటిలో భోంచేసింది. గట్టు వ్యవహారం ఆ రోజుతో తీరలేదు, ఇంకా కొన్నేళ్ళు నడిచింది. కాని పండుగ ఆ రెండు ఇళ్ళలోకి వచ్చింది. నా మూడు ప్రసంగాలు చేయలేని పని ఒక పళ్ళెం చేసింది.

మరియతల్లి చేసినదీ ఇదే. దేవదూత శుభవార్త చెప్పిన తరువాత ఆమె ఆ ఆనందాన్ని తలుపులు వేసుకొని దాచుకోలేదు. లేచి, కొండసీమకు త్వరితంగా ప్రయాణమై, ఎలిశబేతమ్మ గడపలో అడుగుపెట్టింది. ఆమె పలకరింపు వినగానే గర్భంలోని శిశువు గంతులు వేశాడు (లూకా 1:39-44). దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2013లో సువార్తానందాన్ని గురించి వ్రాసిన ప్రబోధంలో, కొందరు క్రైస్తవుల జీవితం పాస్కా పండుగ లేని తపస్సు కాలంలా కనిపిస్తుందని బాధపడ్డారు. మన ముఖాలు అలా ఉన్నాయా? ఉంటే, ఎవరి గడప ముందు మన అడుగులు ఆగిపోయాయో చూసుకోవాలి.

ఒక మాట మాత్రం చెప్పాలి. కొందరి గాయాలు చాలా లోతైనవి. హింసకు, మోసానికి గురైనవారిని 'వెళ్ళి కలిసిపోండి' అని తొందరపెట్టడం న్యాయం కాదు. అటువంటివారు తమను గాయపరచినవారి కోసం ఒక చిన్న ప్రార్థన చేయగలిగినా, అదే వారు ప్రభువుకు అర్పించే గొప్ప కానుక. ఆ ప్రార్థన కూడా చేయలేనివారి కోసం మనం ప్రార్థిద్దాం.

తక్కిన మనమందరం ఈ ఆగమన కాలంలో ఒక పేరు గుర్తు చేసుకొందాం. ఇంటి మీద నక్షత్రం కట్టకముందే, పశువుల పాక అలంకరించకముందే, ఆ పేరును పాపసంకీర్తనంలో ప్రభువు ముందు ఉంచుదాం. ఆ తరువాత ఒక పలకరింపో, ఒక ఫోనో, ఒక పళ్ళెమో మనమే ముందుగా పంపుదాం. అవతలివారు ముందు రావాలని ఎదురు చూస్తూ ఉంటే, మనం కూడా గుమ్మం బయట నిలబడిన పెద్ద కొడుకులమే అవుతాం.

మనకోసం తానే ముందుగా దిగివచ్చిన బాలయేసు, ఆ మొదటి అడుగు వేసే ధైర్యాన్ని మన ప్రతి కుటుంబానికి అనుగ్రహించునుగాక! ఆమెన్.