ఇంటి పేరు చెప్పి

అరకులో టూరిస్టు బండి నడుపుతాను. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 115 కి.మీ. శృంగవరపుకోట దాటాక మొదలై, అనంతగిరి మీదుగా పైకి ఎక్కే ఘాటీయే నా బతుకుతెరువు. ఇలాంటి రోడ్డు మీద రోజూ ఎలా తిరుగుతావని ఎవరడిగినా నా జవాబు ఒకటే: పొట్ట కోసం, పిల్లల కోసం. అందులో అబద్ధం లేదు. అయితే అది సగం మాటే. మిగతా సగం ఇన్నాళ్లూ నాలోనే దాచుకున్నాను.

నాకు బండి నడపడమంటే ప్రాణం. మలుపుకి ముందే గేరు దించితే ఇంజను బిగువు కాలికి తెలుస్తుంది. బండి బరువు ఒక పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని పైకి లాగుతుంది. ఆ రెండు మూడు క్షణాల కోసం ఎవరూ కిరాయి ఇవ్వకపోయినా నేను ఘాటీ ఎక్కుతాను. ఈ ఇష్టానికి ఇంటి అవసరమని పేరు పెట్టుకుని తిరుగుతున్నాను.

ఈ సంగతి నాకు తేటతెల్లం చేసినవాళ్లు కారు రేసర్లు. కుర్రతనం నుంచీ రేసులంటే పిచ్చి. 2005లో నరైన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టి, ఆ పోటీల్లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. అతని గురించి చదివేకొద్దీ కారు కన్నా కుటుంబమే ఎక్కువగా కనిపించింది. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని పలుమార్లు గెలిచినవాడు. కొడుకు మొదటి రేసు శ్రీపెరుంబుదూరులో, ఫార్ములా మారుతి కారులో. ఆ కార్లు తయారుచేయించినవాడు కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, తెలుగు మూలాలున్న మనిషి. మారుతి ఇంజను పెట్టి, తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు చేయించి మన కుర్రాళ్ల చేతికి ఇచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఇప్పుడు కోయంబత్తూరు దగ్గరి రేస్ ట్రాక్‌కి ఆయన పేరే ఉంది.

ఇలాంటివాళ్లెవరూ రేసింగ్ పొట్ట కోసమని చెప్పలేరు. మన దేశంలో రేసింగ్ డబ్బు తినేదే గానీ పెట్టేది కాదు. చాలామంది కుర్రాళ్ల విషయంలో ఆ డబ్బు ఇంటిదే, ఎదురుచూపులు ఇంటివే, భయమూ ఇంటిదే. అంచేత రేసరు ఇంట్లోవాళ్ల ముందు నిలబడి, ఇది నా ఇష్టం, నన్ను వెళ్లనిస్తారా అని నోరు విప్పి అడగాల్సిందే. నేనెప్పుడూ అడగలేదు. బియ్యం, ఫీజులు, బండి కిస్తీ, ఇవన్నీ నా తరఫున మాట్లాడేశాయి. పొట్ట కోసం వెళ్తున్నానన్న మనిషిని ఏ ఇల్లాలు ఆపుతుంది?

2023 జనవరి 8న చెన్నై దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో రేసరు కె.ఇ. కుమార్ చనిపోయిన వార్త చదివాను. వయసు 59. సెలూన్ కార్ల రేసులో మరో కారు తగిలి, ఆయన కారు ట్రాక్ దాటి కంచెను ఢీకొని తిరగబడింది. ఆ రోజు మిగతా రేసులన్నీ ఆపేశారు. ఆ వయసులో ఇంట్లోవాళ్లు ఎలా వెళ్లనిచ్చారు అన్నదే చదవగానే నాకు తట్టిన ప్రశ్న. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. నా భార్యని ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా? అడగరు. రేసరు పోతే సరదా కోసం పోయాడంటారు, డ్రైవరు పోతే కష్టజీవి అంటారు. ఒకే ఇష్టం ఇద్దరిలో ఉన్నా నాకు మాత్రం ఆ మర్యాద ముసుగు దొరికింది.

నిజానికి రేసు ట్రాక్‌కి ఉన్న రక్షణ మా ఘాటీకి లేదు. అక్కడ కార్లన్నీ ఒకే దిక్కుకి పోతాయి. లోపల ఇనుప చట్రం, తలకి హెల్మెట్, మలుపు మలుపుకీ జెండా పట్టుకున్న మనిషి, పక్కనే అంబులెన్సు. మా దగ్గర ఎదురుగా లారీ వస్తుంది, ఆవు వస్తుంది, సెల్ఫీ తీసుకుంటూ కొత్త జంట వస్తుంది. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలం డముకు దగ్గర హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ చోటు దాటేటప్పుడు ఇప్పటికీ నా కాలు దానంతట అదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది.

ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని మా పాత డ్రైవర్లు చెప్తారు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకు మీదే పడుతుంది. లైనర్లు కాలి కమురు వాసన కొడుతుంది. ఇంకాస్త దూరం పోతే పెడల్ నేలకి ఆనినా బండి ఆగదు. పుష్యమాసంలో మంచు పట్టిన తెల్లవారుజామున అద్దం దించి చెవి బయటపెట్టి దిగుతాను. ఎదుటి బండి కనిపించదు, హారను వినిపిస్తుంది. ఎడమ చేతి కింద గేరు రాడ్డు సన్నగా వణుకుతుంది. కళ్లకి తెల్ల గీత ఒక్కటే ఆధారం. అలాంటప్పుడు నాకు ఇల్లు గుర్తుండదు. భార్యా గుర్తుండదు, పిల్లలూ గుర్తుండరు. చాలాకాలం ఇది నన్ను లోపల కోసింది, ఇదేం ప్రేమ అని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ వేళ పిల్లల మొహాలు కళ్లముందు ఆడితే నేను ఇల్లు చేరను. అక్కడ వాళ్లని మరిచిపోవడం వాళ్లకి చేసిన ద్రోహం కాదు. అడగకుండానే వాళ్ల పేరు వాడుకోవడమే నన్ను తొలిచే సంగతి.

ఇంకా లోతుకి దించిన రాత్రి ఒకటుంది. మా కొండల్లో రోడ్డు లేని గూడేలు ఇంకా ఉన్నాయి. నొప్పులొచ్చిన మనిషిని దుప్పటి డోలీ కట్టి, కర్రకి చెరో పక్క భుజం పెట్టి, వాగులు దాటించి రోడ్డు దాకా మోస్తారు. అలా తెచ్చిన ఒక తల్లిని నా బండిలోకి ఎక్కించారు. మోసినవాళ్ల భుజాలు కమిలి ఉన్నాయి, మోకాళ్ల దాకా బురద. వాళ్లలో ఒక ముసలాయన డోరు పట్టుకుని, "మా వంతు అయ్యింది బాబూ, ఇక నీదే" అన్నాడు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి దిగాం. తల్లీ బిడ్డా దక్కారు. ఊరంతా నన్ను మెచ్చుకుంది.

ఆ రాత్రి వేగం పూర్తిగా పరోపకారమని చెప్పుకోవచ్చు. నా మనసు ఒప్పుకోవడం లేదు. వెనక ఆమె మూలుగుతుంటే, ఖాళీ ఘాటీలో ఒక్కో మలుపూ తప్పు లేకుండా తీస్తుంటే, నాలో ఒక మూల సంతోషం ఉంది. నా చేతికి పని తెలుసన్న సంతోషం. ఆమె ప్రాణం మీద నాకు భయమూ ఉంది, ఆ సంతోషమూ ఉంది, రెండూ ఒకేసారి. అది పాపమని నేననుకోను. డోలీ మోసినవాళ్లకి కూడా తమ భుజం మీద ఆ గర్వం ఉండే ఉంటుంది. కానీ అంతటి రాత్రి కూడా నా ఇష్టం నాతోనే ఉందంటే, మామూలు రోజుల్లో అది లేదని ఎలా చెప్పగలను?

అందుకే ఒక సాయంత్రం మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఘాటీ ఎక్కడం డబ్బుల కోసమే కాదు, నాకది లేకపోతే ఊపిరాడదు, రేపు కింద ఎక్కడో ఇదే జీతానికి కుర్చీ ఉద్యోగం ఇచ్చినా పోను అని. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "మాకు తెల్దనుకున్నావేటి?" అంది. కాసేపాగి, "ఇష్టమన్నావు గదా, అయితే నాకూ ఒక మాట ఇవ్వాల. మంచు కమ్మినా, బ్రేకు బాగోలేకపోయినా, ఎంత కిరాయి వచ్చినా పోవద్దు. పిల్లల కోసం పోతన్నానని మాత్రం అనకు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఇండియానాపొలిస్ గుర్తొచ్చింది. 2005 జూన్ 19న అమెరికా గ్రాండ్ ప్రి. మిషెలిన్ టైర్లు అక్కడి మలుపు తట్టుకోలేవని తేలడంతో 20 కార్లలో 14 రేసు మొదలవకముందు తిరిగే సన్నాహక చుట్టు తరువాత పిట్‌లోకి వెళ్లి ఆగిపోయాయి. మిగిలిన ఆరు కార్లే పరిగెత్తాయి. నరైన్ నాలుగో స్థానంలో వచ్చి అయిదు పాయింట్లు తెచ్చాడు. టిక్కెట్టు కొన్న జనం గోల చేశారు. నాకు మాత్రం ఆ రోజు 72 చుట్లు తిరిగిన నరైన్ మీద ఎంత గౌరవమో, ఆగిపోయిన ఆ పద్నాలుగు మంది మీదా అంతే. పొట్ట కోసం అనుకునేవాడు ఆగలేడు, ఆకలి ఆగనివ్వదు. ఇది నా ఇష్టం అని ఒప్పుకున్నవాడికి ఆగే దారి ఉంటుంది. ఇష్టాన్ని ఒక పూట వాయిదా వేసుకోవచ్చు.

మా వాడికి ఇప్పుడిప్పుడే మీసాలొస్తున్నాయి. ఆదివారం బండి కడుగుతూ సీట్లో కూర్చుని గేర్లు మారుస్తుంటాడు. వాడి చెయ్యి రాడ్డు మీద పడే తీరు చూస్తే నాకు తెలిసిపోయింది. రేపో మాపో స్టీరింగ్ ఇమ్మని అడుగుతాడు. జి.ఆర్. కార్తికేయన్ తన కొడుక్కి పోటీనీ, దాని భయాన్నీ కలిపే ఇచ్చి ఉంటాడు, రెండింటి రుచీ ఎరిగినవాడు కనక. నేనూ అలాగే ఇవ్వాలి. ఘాటీలో బరువు పొట్టది కాదురా, ముందు నీ మనసుది అని చెప్తాను. ఆ మనసుకి బ్రేకు ఎవరి చేతిలో పెడతావో తేల్చుకుని రా, అప్పుడు తాళం ఇస్తానంటాను. ఇంటి పేరు చెప్పి వాడు ఒక్క మలుపు కూడా తిరగకూడదు.