దొడ్డిలో గుళికలు చల్లొద్దు నాయనా

ప్రొద్దుటూరు

చిరంజీవి నాయనకు మీ పెద్దనాయన దీవించి రాయునది.

మొన్న నీ ఫోను వచ్చినప్పటి నుంచి మీ పెద్దనాయనకు మనసు కుదురుగా లేదు. కర్నూలు శివార్లలో కొత్త ఇల్లు, ముందు నాలుగు మొక్కలు, వెనక దొడ్డి, చుట్టూ ఇంకా ఇళ్లు పడని ప్లాట్లు, వాటి నిండా కంపచెట్లు. తొలకరి పడగానే గేటు పక్కన పింజర పాము కనబడింది. కుక్క దాని మీదికి ఉరికింది. నువ్వు గొలుసు పట్టి లాగావు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత నువ్వన్న మాట వల్లే ఈ ఉత్తరం: "అంగట్లో గుళికలు దొరుకుతాయంట పెద్దనాయనా, గోడ చుట్టూ చల్లేస్తా."

చల్లొద్దు.

నువ్వు చెప్పే గుళికలు ఏవో ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాడికి తెలియనివి కావు. ఫోరేట్. ఒకప్పుడు పంటల పురుగులకు వాడేవాళ్లు. ఆ ఘాటుకు పాము రాదని ఎవరు మొదలుపెట్టారో గానీ, దొడ్లలో, కలుగుల్లో పోయడం అలవాటైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యంత ప్రమాదకరమైన పురుగుమందుల తరగతిలో పెట్టింది. మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా పాత డబ్బాలు గాదెల కింద, మిద్దెల మీద ఇంకా ఉన్నాయి.

ఒకసారి తెల్లవారుజామున ఒక రైతు కుక్కను గోనెపట్టాలో చుట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు. పాము కరిచిందన్నాడు. నోటి వెంట చొంగ ధారకట్టి కారుతోంది, కళ్లలో నీళ్లు, ఒళ్లంతా అదురు. డాక్టరు కాట్లు వెతకలేదు, ముందు కళ్లు చూశాడు. కంటిపాపలు సూదిమొనంత అయిపోయి ఉన్నాయి. "దొడ్లో ఏం చల్లావు?" అని అడిగాడు. రైతు మాట్లాడలేదు. అట్రోపిన్ సూదులు వేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ కుక్క కోసమే గుళికలు చల్లానని ఆయన ఆ తర్వాత చెప్పాడు. ఏ పాముకు భయపడి చల్లాడో అది ఎవరికీ కనపడను కూడా లేదు.

మిగతా మందుల సంగతి ఇంతకన్నా మెరుగేమీ కాదు. కార్బాలిక్ ఆమ్లం పిల్లులకు విషం, కుక్కల పాదాలను కాలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలను కుక్కపిల్లలు నమిలి మింగుతాయి. అమెరికాలో నాఫ్తలీన్, గంధకం కలిపి పాముల మందని అమ్మే పొడిని పరిశోధకులు పరీక్షిస్తే పాములు దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. వెల్లుల్లి నీళ్లు చల్లితే దొడ్డి చట్నీ వాసన వేస్తుంది, అంతే.

అసలు పాము నీ ఇంటికి ఎందుకొచ్చింది? రాత్రి కుక్క తినగా గిన్నెలో మిగిలిన అన్నానికి ఎలుక వచ్చింది, ఎలుక కోసం పాము వచ్చింది. మన సీమలో ఆ ఎలుకకు కొదవేముంది? శెనక్కట్టె వామి వేసిన ప్రతి దొడ్డీ దానికి సత్రమే. ఇక పాముకు చల్లటి గది కావాలి, అది మనమే కట్టిపెడతాం. ఇల్లు కట్టాక మిగిలిన నాపరాళ్లు ప్రహరీ వారన ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టావా లేదా? బేతంచెర్ల బండైనా కడప బండైనా, రెండు పలకల మధ్య వేలెడు సందు ఉంటే చాలు, మండుటెండలో కూడా లోపల చల్లగా ఉంటుంది. కొండల్లో రాళ్ల కింద బతికే చిన్న పింజరకు అంతకన్నా ఏం కావాలి? మూరెడు పాము. చుట్టలు చుట్టుకుని పొలుసులు రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. తోలు రంగు మట్టిలో కలిసిపోతుంది, కుక్క ముక్కు దాని మీదికి వెళ్లేదాకా ఉన్నట్టే తెలియదు.

రక్తపింజర వేరు. లావుగా, ఒంటి మీద గొలుసులా మచ్చలతో, ప్రెషర్ కుక్కర్‌లా బుస కొడుతుంది. గుడ్లు పెట్టదు, ఒక్క ఈతలో ఇరవై ముప్పై పిల్లల్ని కంటుంది, అదీ సరిగ్గా ఈ తొలకరి రోజుల్లోనే. ఇంగ్లీషువాళ్లు దీనికి రస్సెల్ దొర పేరు పెట్టుకున్నారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ 1796లో కోరమండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో ఈ పాముకు మనవాళ్లు చెప్పిన పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. విషం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఆయన పాముల చేత కోళ్లను, కుక్కలను కరిపించాడు. మన కుక్కల మీద పాము విషం సంగతి పుస్తకాలకు ఎక్కింది అలా, ఆ మూగజీవాల ప్రాణాలతో.

ఈ రెండు పింజరలకు నాగుపామును, కట్లపామును కలిపితే ముఖ్యమైన విషపాములు నాలుగు. మన దేశంలో తయారయ్యే విషహారి ఈ నాలుగింటికే. జెర్రిపోతుకు విషం లేదు. అది నాగుపాముతో జతకడుతుందన్న మాట నమ్మి దాన్ని కొట్టేస్తే, నీ దొడ్లో ఎలుకల్ని ఉచితంగా తినే జీవాన్ని పోగొట్టుకుంటావు. 1972 వన్యప్రాణి చట్టం కూడా ఒప్పుకోదు. పుట్టకు పాలుపోసి మొక్కే చేతులే మర్నాడు కర్ర ఎత్తడం మీ పెద్దనాయనకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కాబట్టి ముందు నాపరాళ్లు. వాటిని చేత్తో ఎత్తొద్దు, గడ్డపారతో దొర్లించు. బూట్లు వేసుకో, కుక్కను లోపల కట్టెయ్. కట్టెలు నేలకు అడుగు ఎత్తులో బల్ల మీద పేర్చు, గోడకు ఆనించకు. కాలువ గొట్టానికీ గేటు కింది సందుకూ పావు అంగుళం కన్నుల ఇనుప జాలి బిగించు. అప్పుడే పుట్టిన పింజర పిల్ల దాన్నీ దాటొచ్చు, నీకు పూర్తి భరోసా ఇవ్వడం పెద్దనాయన వల్ల కాదు. కుక్క గిన్నె పొద్దుగూకక ముందే కడిగేయాలి. పక్క ప్లాట్లలో కంప కొట్టించడం నీ ఒక్కడి వల్ల కాదు, వీధిలో వాళ్లందరినీ కలుపుకో, మున్సిపాలిటీకి అర్జీ పెట్టు. గిన్నికోళ్లు రెండు పెంచితే అవి పామును చూడగానే వీధి లేచేలా అరుస్తాయి. వాటి అరుపు నీ భార్య భరిస్తుందో లేదో అడిగి తెచ్చుకో.

ఒక్క మాట కటువుగా చెప్పాలి. రాత్రంతా కుక్కను గొలుసేసి దొడ్లో కట్టెయ్యడం మానుకో. కట్టేసిన జీవానికి వెనక్కి దూకే వీలు ఉండదు. ఇంటికి కాపలా అని పెట్టి, తన్ను తాను కాపాడుకునే దారి మనమే మూసేస్తున్నాం.

ఒకవేళ కుక్కకు కాటు పడితే సాధారణంగా ముక్కు మీదో, ముందుకాలి మీదో పడుతుంది. వాపు, రక్తం ఆగకపోవడం పింజర గుర్తులు. కనురెప్పలు వాలిపోవడం, కాళ్లు సత్తువ తప్పడం నాగు, కట్లపాము గుర్తులు. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు పిండొద్దు. నడిపించకుండా ఎత్తుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకుపో. మనుషులకిచ్చే విషహారినే దానికీ ఎక్కిస్తారు, బయలుదేరే ముందే ఫోను చేసి మందు ఉందో లేదో కనుక్కో. ఇక్కడ మన ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది గానీ, కర్నూలు నుంచి ఇంతదూరం తేవడానికి వ్యవధి ఉండదు. అక్కడే ఎవరి దగ్గరికి పోవాలో ఈ వారమే తెలుసుకుని పెట్టుకో.

కుక్క ఒక్కటే కాదు, ఇంట్లో పసిబిడ్డ ఉంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు పన్నెండు లక్షల మంది పోయారని ఒక అధ్యయనం లెక్కకట్టింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు కరిచినట్టే తెలియదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. దోమతెరలో పడుకునేవాళ్లకు ముప్పు తక్కువని నేపాల్‌లో చూశారు.

పామును మళ్లీ చూస్తే కర్ర తియ్యకు. కుక్కను లోపలికి తీసుకుని, కంటితో దూరం నుంచి కనిపెడుతూ అటవీశాఖకో, పాములు పట్టే మనిషికో ఫోను చెయ్.

గుళికల పొట్లం ఇప్పటికే కొని ఉంటే విప్పకు. బిడ్డకూ కుక్కకూ అందని ఎత్తులో, తాళం వేసిన పెట్టెలో పెట్టు. వచ్చే ఆదివారం జాలి చుట్ట తీసుకుని మీ పెద్దనాయన కర్నూలు వస్తున్నాడు. నాపరాళ్లు ఆయన వచ్చాకే కదుపుదురు గానీ.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన