గడువు చిన్నది, లెక్క పెద్దది



1841 మార్చి 4న విలియం హెన్రీ హారిసన్ అమెరికా అధ్యక్షునిగా ప్రమాణం చేశారు. ఆ రోజు దాదాపు రెండు గంటలసేపు ప్రసంగించారు. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 4న కన్నుమూశారు. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1967 మేలో మన దేశానికి రాష్ట్రపతి అయ్యారు. రెండేళ్లు నిండకముందే, 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. పదవికి గడువు రాజ్యాంగం రాస్తుంది. పదవిలో ఉన్న మనిషికి గడువు రాసేవాడు మాత్రం అల్లాహ్. ఆ ఘడియ వచ్చాక క్షణమైనా ముందుకూ వెనక్కూ జరగదని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది.

మరి, ఎంత ఉందో తెలియని ఆ గడువులో మనిషి ఏం చేయాలి?

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) హిజ్రీ 99లో, అంటే క్రీ.శ. 717లో ఖలీఫా అయ్యారు. అంతకు ముందరి ఖలీఫా సులైమాన్‌ను ఖననం చేసి, అలసిపోయి కాసేపు నడుము వాల్చబోయారు. కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చి, అన్యాయంగా లాక్కున్న ఆస్తులను హక్కుదారులకు ఇప్పించకుండానే నిద్రపోతారా అని అడిగాడు. జుహ్ర్ నమాజు తర్వాత చూద్దామన్నారు తండ్రి. జుహ్ర్ దాకా మీరు బతికే ఉంటారని పూచీ ఎవరు అన్నాడు కొడుకు. ఆయన కోపగించుకోలేదు. ఇలాంటి సంతానాన్ని ఇచ్చినందుకు అల్లాహ్‌ను స్తుతించి, వెంటనే లేచారు.

ముందుగా తన సొంత ఆస్తులతోనే మొదలుపెట్టారు. ఆయన భార్య ఫాతిమా ఖలీఫా కుమార్తె. పుట్టింటివారిచ్చిన విలువైన నగను ఆమె బైతుల్‌మాల్‌కు అప్పగించారు. ఇస్లాం స్వీకరించినవారి నుంచి కూడా జిజియా వసూలు చేయడాన్ని ఆయన ఆపించారు. ఖజానా ఆదాయం పడిపోతుందని మొరపెట్టుకున్న అధికారికి, దైవప్రవక్త (సఅసం) మార్గం చూపడానికి వచ్చారే గాని పన్నులు వసూలు చేయడానికి కాదని జవాబిచ్చారు.

హిజ్రీ 101లో (క్రీ.శ. 720) ఆయన మరణించారు. వయసు నలభై లోపే. పాలన సుమారు రెండున్నరేళ్లు. పూచీ ఎవరని అడిగిన ఆ కుమారుడు తండ్రికంటే ముందే వెళ్లిపోయాడు. తర్వాతి పాలకులు ఆయన సంస్కరణల్లో చాలావాటిని కొనసాగించలేదు. అయితేనేం? హక్కు అందుకున్నవారికి హక్కు అందింది. చేసిన మేలు అల్లాహ్ వద్ద భద్రంగా ఉంది.

మనం ఖలీఫాలం కాము. కాని ప్రతి ఒక్కరూ కాపరేనని, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రశ్నించబడతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. తండ్రి ఆస్తిలో చెల్లెలి వాటాను పంట వచ్చాక ఇద్దామనుకుంటున్నామా? భార్యకు మహర్ ఇంకా బాకీ ఉందా? కూలివాని డబ్బు రేపటికి వాయిదా వేశామా? జుహ్ర్ దాకా పూచీ ఎవరు?

ఇవ్వవలసినది ఈ పూటే ఇచ్చేద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.