గోడ కింది తెలుగు

మదురైలో తిరుమల నాయకుడి మహలు చూసిన తెలుగువాళ్లు ఆ స్తంభాల లావుకు పొంగిపోయి, మనవాళ్లు కట్టించిందే అంటారు. కోయంబత్తూరు చుట్టుపక్కల మా నాయుళ్ల ఇళ్లలోనూ పూర్వీకుల మాట వస్తే నాయకరాజుల కాలం దగ్గరే మొదలుపెడతారు.

బైబిల్లో ఇశ్రాయేలు జనం రాజు కావాలని పట్టుబట్టినప్పుడు, మీ కొడుకులు రథాల ముందు పరిగెత్తాల్సి వస్తుంది, మంచి పొలాలు అతని కొలువువాళ్లకు పోతాయి అని సమూయేలు ప్రవక్త ముందే చెప్పాడు. తిరుమల నాయకుడి చివరి ఏళ్లలో మైసూరు సైన్యం సత్యమంగలం మీదుగా దిగి, దొరికినవాళ్ల ముక్కులు కోసింది. ఆడవాళ్లనీ పిల్లలనీ చూడలేదు. బదులుగా మదురై సేన వెళ్లి అటువాళ్ల ముక్కులు కోసింది. ఆ కోతకు బలైన రైతుల్లో యుద్ధం కోరినవాడు ఎవడుంటాడు?

అదే బైబిల్లో ప్రాణం పోగొట్టుకున్న నాబోతు చేసిన నేరమల్లా అతని ద్రాక్షతోట అహాబు రాజు మేడ పక్కన ఉండడం, దాన్ని అమ్మననడం. ఆ కథ చదివితే నాకిప్పుడు మేట్టుపాళయం దగ్గరి నడూరు కళ్లముందుకొస్తుంది. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున, వానకు నానిన ఎత్తయిన ప్రహరీ ఒకటి పక్కనే ఉన్న దళిత అరుంధతీయుల ఇళ్ల మీద కూలింది. నిద్రలోనే 17 మంది పోయారు. ఆ గోడ ప్రమాదమని ముందే మొరపెట్టుకున్నామని బతికినవాళ్లు చెప్పారు. గోడ యజమానిని అరెస్టు చేయాలని ఆసుపత్రి దగ్గర పట్టుబట్టినవాళ్ల మీద లాఠీలు లేచాయి. పేదవాడి మొర చేరాల్సిన చోట ఒక అధికారి మీద ఇంకో అధికారి కూర్చుని ఉంటాడని బైబిల్లో ప్రసంగి ఎన్నడో గమనించాడు. రాజ్యాలు పోయినా ఆ వరుస కదల్లేదు.

ఈ జిల్లా అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. మా నాయనమ్మ దగ్గరికి పనికొచ్చే ముసలావిడ ఆమెతో తెలుగులోనే మాట్లాడేది, వాకిట్లో ఎండలో నిలబడి. అదే యాస, అవే సామెతలు. మంచినీళ్లు మాత్రం కొబ్బరిచిప్పలో, చేయి తగలకుండా పైనుంచి పోసేవారు. మా ఇంటి వాకిలి వరకు మేమే రాజులం. అహాబు పేరు చెప్పి తప్పించుకోవడానికి మాకు దారి లేదు.

నోరు లేనివారి కోసం నోరు విప్పమని లెమూయేలు రాజుకు అతని తల్లి బుద్ధి చెప్పింది. నడూరువాళ్లకు నోరుంది, అడిగారు కూడా. వినాల్సినవాళ్లలో మేమూ ఉన్నాం. 2006 నాటి తమిళ బోధన చట్టంతో బడిలో తెలుగు పోతోందని మా తెలుగు సభల్లో ఏటా బాధపడతాం, న్యాయమైన బాధే. ఆ సభల్లో నడూరు పేరు నేను వినలేదు. వచ్చే ఉగాదికి అక్కడివాళ్లను పిలుద్దామని మా పెద్దలతో అంటున్నాను. పిలిస్తే వేదిక మీదికే పిలవాలి, ముందు వాళ్లే మాట్లాడాలి.