మెంతుల నురగ

‘‘ఏం సాబ్, మీరు గూడ అరబ్బులైపోయిండ్రా?’’

నవ్వుతూనే అడిగారు మా పక్కింటి సారు. రిటైరైన టీచరు. మాది ఇరవై ఏళ్ళ స్నేహం. మా అబ్బా జనాజా వెంట ఖబ్రస్తాన్ దాకా నడిచిన మనిషి. ఆ మాటలో విషం లేదు. విషముంటే జవాబు చెప్పడం నాకు తేలికయ్యేది. ఆ రోజు నేను చేసిందల్లా మెంతిపిండి నానబెట్టి, చేదు నీళ్ళు వంపేసి, తెల్లగా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, కుతకుతలాడుతున్న మాంసం పులుసు మీద వేయడం. దాని పేరు సల్తా. యెమెన్ వాళ్ళ మధ్యాహ్నపు తిండి.

అదే సారు కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. సెలవుల్లో వచ్చినప్పుడు ఇంట్లో పాస్తా వండాడు. సారే గిన్నె పట్టుకొచ్చి, ‘‘మావోడు ఇటలీ పోయినప్పుడు నేర్చుకున్నడట, తిని చూడుండ్రి’’ అన్నారు. తిన్నాం. బాగుంది. నువ్వు ఇటలీవాడివైపోయావా అని ఆ పిల్లాణ్ణి ఎవరూ అడగలేదు, నాతో సహా. ఊరుగాని ఊళ్ళో తిన్నది ఇంటికొచ్చి వండుకోవడం ఇద్దరం చేసిన పనే. అతను చేస్తే సరదా. నేను చేస్తే సాక్ష్యం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

2017లో ఉమ్రాకు వెళ్ళాను. మక్కా, మదీనా అయ్యాక జెద్దాలో భాయ్‌జాన్ గదిలో నాలుగు రోజులున్నాను. గది అంటే ఆరుగురి గది. భాయ్‌జాన్ డ్రైవరు. వాళ్ళ గల్లీలో ఒక యెమెనీ హోటల్. నల్లటి రాతిగిన్నెలో సల్తా పొంగుతూనే మన ముందుకొస్తుంది. పైన మెంతుల నురగ, పక్కన పచ్చిగా నూరిన టమాట, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర. దాన్ని సహావిఖ్ అంటారు. తాంబాళమంత రొట్టె తుంచి గిన్నెలో ముంచుకుని తినాలి. మొదటి ముద్దకే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కారానికే అనుకోండి. ఆహా ఓహో అన్నాను. జర్నలిస్టును కదా, ఏదో కనిపెట్టినట్టు నోటుబుక్ తీశాను.

భాయ్‌జాన్ తల కూడా ఎత్తలేదు. ‘‘పదకొండేండ్ల సంది తింటున్న. మంచిగున్నదా లేదా అని ఎన్నడు సోచాయించలె. సస్తాగ వస్తది, కడుపు నిండుతది’’ అన్నాడు.

ఇంటికొచ్చాక మొదట సహావిఖ్ చేశాను. అమ్మీ వేలితో నాకి చూసి తేల్చేసింది: ‘‘అరే, యే తో అప్నీచ్ టమాటే కీ చట్నీ హై. బఘార్ దేనా భూల్ గయే వో లోగాఁ.’’ ఇది మన టమాట తొక్కే, పోపు పెట్టడం మర్చిపోయారు వాళ్ళు! యెమెన్ మొత్తం మీద ఆమె తీర్పు అది. దానికి అప్పీలు లేదు.

నిజానికి మన టమాట తొక్కు మటుకు మనదా? టమాట, మిర్చి, పల్లీలు అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిర్చిని ఈ దేశానికి దింపింది పోర్చుగీసు ఓడలు. అంతకుముందు మన కారం మిరియాలది. తెలుగు భాష మాత్రం ఎంత నిజాయితీగా రాసిపెట్టుకుందో చూడండి! మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టుకి సీమ చింత అని పేరు పెట్టింది. దక్షిణ అమెరికా కొండల్లో పుట్టిన గడ్డని కోస్తావాళ్ళు బంగాళాదుంప అన్నారు. చిరునామా తప్పే, కానీ పరాయిదన్న సంగతి దాచలేదు. అయినా వీటిని ఎక్కణ్ణుంచొచ్చావని నిలబెట్టి అడిగినవాళ్ళు లేరు.

సారు మా ఇంటికొస్తే కాఫీ అడుగుతారు, ఫిల్టర్ కాఫీయే. ఆ రోజు కాఫీ తాగుతూ నేను బాబా బుడన్ సంగతి చెప్పాను. పదిహేడో శతాబ్దంలో ఆ సూఫీ ఫకీరు యెమెన్ రేవు మోఖా నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని జనం చెప్పుకుంటారు. ఆ కొండలకి ఆయన పేరే ఉంది. ఆయన పేరున్న దర్గా ఎవరిదన్న తగాదా దశాబ్దాలుగా నడుస్తోంది. కాఫీ మీద మాత్రం తగాదా లేదు. సారు కప్పు వంక చూసి, ‘‘ఇదిగూడ యెమెన్ దేనా!’’ అని గట్టిగా నవ్వారు. ఆయన నవ్వగలిగారు. నేనాయనను ప్రేమించేది అందుకే. కానీ ఇంత చరిత్ర చెబితే గాని నా గిన్నెలో మెంతులకి మాఫీ దొరకకపోవడం ఏమిటి? ఆయన కొడుకు పాస్తాకి చరిత్ర పాఠం చెప్పలేదు కదా.

ఇక మావాళ్ళ సంగతీ చెప్పాలి. మా చుట్టాల్లో ఒకతను మండీ తినడం దీన్‌లో భాగమన్నట్టు మాట్లాడతాడు. బగారన్నం, దాల్చా వట్టి దేశవాళీ అలవాట్లట, అరబ్బుల పళ్ళెమే అసలుదట. హదరమౌత్‌లో మండీ పుట్టింది నేలలో తవ్విన పొయ్యి వల్ల, పైన వేలాడే మాంసం కొవ్వు కింది బియ్యంలోకి జారడం వల్ల. అందులో సవాబు ఎక్కడుంది? నిజాం ఫౌజులో చేరిన హదరమీ అరబ్బులు హైదరాబాద్ బార్కస్‌లో హరీస్ వండుకున్నారు. హైదరాబాద్ దానిలో మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ కలిపి హలీమ్ చేసుకుంది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బార్కస్‌లో ఇవాళ్టికీ చక్కెర వేసిన హరీస్ దొరుకుతుంది. ఏది అసలు? నా సల్తాను సారు అనుమానించడం, ఆ చుట్టం భుజం తట్టడం రెండూ నాకు ఒకేలా తోచాయి. ఇద్దరూ రుచి చూడలేదు.

మొన్న భాయ్‌జాన్ రెండు నెలల సెలవు మీద వచ్చాడు. ఎంతో ఉత్సాహంగా సల్తా చేసిపెట్టాను. అతను అమ్మీ వైపు తిరిగి పచ్చిపులుసు, జొన్నరొట్టె అడిగాడు. నేను చిన్నబోయాను. రాత్రి దాబా మీద పడుకున్నాక అతనే ఎత్తుకున్నాడు: ‘‘ఆ హోటల్ల పకాయించేటోడు తాయిజ్ ఊరోడు. లడాయి షురువైనంక ఇంటికి పోలె. నెలాఖర్ల నాకు ఉద్దెర పెట్టేటోడు.’’

తాయిజ్ 2015 నుంచి యుద్ధంలో నలిగిన ఊరు. నేనా మనిషి చేతి వంట నాలుగు రోజులు తిన్నాను. మెంతులెంతసేపు నానాలో, నీళ్ళు ఎన్నిసార్లు వంపాలో నోటుబుక్‌లో ఉంది. అతని పేరు లేదు. భాయ్‌జాన్‌ను అడిగితే చెప్పాడు, ఆ గల్లీలో అంతా అతన్ని ‘చాచా’ అనేవాళ్ళట, అసలు పేరు తనకీ తెలియదట. ఈసారి పోయినప్పుడు కనుక్కో అన్నాను.

‘‘ఏడికెళ్ళి కనుక్కోవాలె?’’ అన్నాడు. 2021 చివర మొదలుపెట్టి 2022లో జెద్దాలో పాత బస్తీలు వరసగా కూలగొట్టారు. ఆ గల్లీ కూడా అందులో పోయింది.