గీత కొట్టని పని

స్కైరిమ్ ఆడినవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. అంతర్యుద్ధంలో ఏ పక్షం చేరారు, ఇల్లు ఏ ఊళ్ళో కొన్నారు, ఎవర్ని పెళ్ళి చేసుకున్నారు, ఇవన్నీ సరదాగానే చెప్తారు. పార్థర్నాక్స్‌ని ఏం చేశారని అడిగితే మాత్రం గొంతు మారుతుంది. 2011 నవంబర్ 11న విడుదలైన ఆట ఇది. దాని తర్వాత ఇంతకంటే అందమైనవి, పెద్దవి చాలా వచ్చాయి. అయినా ఈ ఒక్క ప్రశ్న మీద ఆటగాళ్ళ వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం ఆటలో లేదని, అది మనం బయట కూడా తేల్చుకోలేని ప్రశ్న కావడమేనని నా అనుమానం.

ఆడనివాళ్ళ కోసం కాస్త నేపథ్యం. ఓపెన్ వరల్డ్ అంటే ఏమిటో తెలియడానికి కాశీమజిలీ కథలు గుర్తు తెచ్చుకుంటే చాలు. మా రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారు పన్నెండు భాగాలుగా రాసిన ఆ కథల్లో మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. తోడొచ్చే గొల్లపిల్లాడిది ఒకటే షరతు: దారిలో తనకి కనబడిన వింత గురించి అడిగితే ప్రతి మజిలీలోనూ కథ చెప్పాలి. ఇక కాశీ ఎప్పుడొస్తుందన్న బెంగ చదివేవాళ్ళకి ఉండదు. స్కైరిమ్ కూడా అలాంటిదే. లోకాన్ని మింగడానికి తిరిగొచ్చిన ఆల్డుయిన్ అనే డ్రాగన్‌ని చంపడం అసలు ప్రయాణం. కానీ దారిలో ఎన్ని గుహలు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని సత్రాలు! నెలల తరబడి ఆల్డుయిన్ ఊసే ఎత్తకుండా తిరగొచ్చు. ఒక్కటే తేడా. కాశీమజిలీలో పిల్లాడు ప్రశ్నలడుగుతాడు. ఇక్కడ ఎదురైన ప్రతివాడూ మనకో పని పురమాయిస్తాడు. ఆ పనులన్నీ జర్నల్లోకి చేరతాయి. పూర్తయినవి మసకబారి అడుక్కి పోతాయి. మిగిలినవి తెల్లగా మెరుస్తూ పైనే కూర్చుంటాయి.

ఇంతకీ పార్థర్నాక్స్ ఎవరు? వేల ఏళ్ళ కిందట డ్రాగన్లు మనుషుల్ని బానిసలుగా ఏలిన రోజుల్లో ఆల్డుయిన్‌కి కుడిభుజం. వాళ్ళ భాషలో అతని పేరులోనే ఆశ, పెత్తనం, క్రూరత్వం అని మూడు మాటలున్నాయి. తర్వాత అతను ఎదురు తిరిగాడు. డ్రాగన్ల బలమంతా వాళ్ళ పలుకులో ఉంటుంది. ఆ పలుకు విద్యని మనుషులకి నేర్పి, వాళ్ళ గెలుపుకి కారణమయ్యాడు. అప్పట్నుంచీ అందరికంటే ఎత్తయిన కొండ మీద ఒంటరిగా ధ్యానం చేసుకుంటూ ఉన్నాడు. మనం అక్కడికి ఎక్కి వెళ్తే గురువులా ఆదరిస్తాడు, ఆల్డుయిన్‌ని దించే దారి చూపిస్తాడు. అంతా అయ్యాక బ్లేడ్స్ అనే పాతకాలపు యోధుల సంఘం నుంచి డెల్ఫీన్, ఎస్బర్న్ అనే ఇద్దరు వచ్చి, ఆ ముసలి డ్రాగన్‌ని చంపెయ్యమంటారు. పాత నేరాలకి శిక్ష పడాల్సిందేనట. అంతవరకూ మనకి ఏ సాయమూ చెయ్యరట. చంపితే కొండ మీది సన్యాసులు ఇక మన మొహం చూడరు.

అసలు మెలిక ఇక్కడుంది. ‘చంపను’ అని చెప్పే వీలు ఆటలో లేదు. మాట దాటవేసి వచ్చెయ్యొచ్చు, అంతే. ఆ పని జర్నల్లో అలాగే ఉండిపోతుంది. ఆల్డుయిన్ చచ్చినా, నువ్వు ముసలాడివయ్యేదాకా ఆడినా, ‘పార్థర్నాక్స్‌ని చంపు’ అన్న వాక్యం చెరగదు.

దీని మీద నేను విన్న అభిప్రాయాలు మూడు రకాలు. మొదటి రకం వాళ్ళకి బ్లేడ్స్ అంటే ఒళ్ళుమంట. డ్రాగన్‌బోర్న్‌కి సేవ చేస్తామని ప్రమాణం చేసినవాళ్ళు ఆ డ్రాగన్‌బోర్న్‌కే హుకుం జారీ చెయ్యడమేంటని వాళ్ళ కోపం. వాళ్ళలో ఒకరు ‘ద పార్థర్నాక్స్ డైలమా’ అని ఒక మాడ్ కూడా తయారుచేశారు. అది పెట్టుకుంటే డెల్ఫీన్‌కి ఎదురుచెప్పి, ఆ పనిని చంపకుండానే ముగించెయ్యొచ్చు. స్కైరిమ్ మాడ్లలో బాగా పేరున్న వాటిలో అదొకటి. రెండో రకం వాళ్ళు తక్కువమందే గానీ వాళ్ళ వాదనని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. నేరానికి కాలదోషం పట్టదు, యుద్ధనేరస్తుడు ముసలాడైనంత మాత్రాన నిర్దోషి అయిపోడు అంటారు. పైగా పార్థర్నాక్స్ నోటితోనే సాక్ష్యం చూపిస్తారు: డ్రాగన్‌ని నమ్మకపోవడమే తెలివి, పాత బుద్ధి తనని లాగని రోజు లేదు అని అతనే ఒప్పుకుంటాడు. మూడో రకానికి ప్రతినిధి కాకినాడలో ఉన్న నా స్నేహితుడు. “ఒరే, అది బొమ్మరా. చంపితే ఆత్మ ఒకటి కలిసొస్తుంది, నచ్చకపోతే రీలోడ్ కొట్టు. దీనికింత మథనం ఎందుకు?”

వాడి ప్రశ్నతోనే మొదలుపెడతాను. బొమ్మే. మరి గుహ గుహకీ పదిమంది దొంగల్ని నరికి, వాళ్ళ చెప్పులతో సహా ఊడదీసి అమ్ముకున్న మనమే ఈ ఒక్క బొమ్మ దగ్గర ఎందుకు ఆగిపోతున్నాం? వెంటనే తోచే జవాబు, పార్థర్నాక్స్‌తో మనకి పరిచయం ఏర్పడింది కాబట్టి అని. దొంగలకి పేర్లు లేవు, ఇతనికి పేరూ కథా ఉన్నాయి. తెలిసినవాణ్ణి చంపలేం.

ఈ జవాబు గోదావరి జిల్లాల్లో నిలవదు. భీమవరం పక్కన మా బావ ఒకాయన పుంజుల్ని పెంచుతాడు. బాదంపప్పు, కైమా తన చేత్తో తినిపిస్తాడు, చెరువులో ఈత కొట్టిస్తాడు. అది కాకో, డేగో, నెమలో, దాని రంగుని బట్టి ఏ రోజు ఏ వేళకి గెలుస్తుందో కుక్కుటశాస్త్రం చూసి చెప్తాడు. దానికి జ్వరమొస్తే ఈయనకి అన్నం సహించదు. సంక్రాంతికి ఆ పుంజు కాలికి కత్తి కట్టించి బరిలో వదిలేదీ ఈయనే. “నువ్వు కంప్యూటర్లో చంపుతావు, నేను బరిలో దింపుతాను. రెండూ ఆటే కదరా,” అంటాడు. “కాదు బావా, నా ఆటలో రక్తం రాదు,” అంటే, “అందుకే నీకు అన్ని అనుమానాలు,” అని నవ్వేశాడు. కాబట్టి పరిచయం, ప్రేమ చంపకుండా ఆపుతాయనేది మనల్ని మనం మెచ్చుకోడానికి చెప్పుకునే మాట. పుంజు కంటే పార్థర్నాక్స్‌కి ఎక్కువున్నది ఒక్కటే: అతను మనల్ని ప్రశ్న అడుగుతాడు. పుట్టుకతో మంచిగా ఉండటం గొప్పా, పుట్టిన బుద్ధిని కష్టపడి జయించడం గొప్పా అని. ఆ ప్రశ్న విన్నాక కత్తి ఎత్తితే అది కూడా ఒక జవాబే అవుతుంది. ఆగిపోయేది అందుకనుకుంటాను.

ఇక రీలోడ్ సంగతి. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. కథ అందరికీ తెలిసిందే. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడి పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దానికోసం వెళ్ళిన కుర్రాడి మీద ఆమె మనసుపడింది, అతను కాదన్నాడు, ఆమె మొగుడి దగ్గర అభాండం వేసింది. రాజు కొడుక్కి కాళ్ళూ చేతులూ నరికించాడు. చరిత్రలో దీనికి ఆధారమేమీ లేదంటారు. అయినా చేమకూర వెంకటకవి కావ్యం నుంచి నాటకాల మీదుగా 1957 సినిమా దాకా ఈ కథ నడిచింది. చివర్లో ఒక సిద్ధుడు వచ్చి తెగిన కాళ్ళూ చేతులూ మళ్ళీ మొలిపిస్తాడు. మా ఊరి కథలోనూ రీలోడ్ ఉందన్నమాట.

కానీ ఆ రీలోడ్ ఎవరికి? సారంగధరుడి ఒంటికి. ‘నరకండి’ అన్న రాజుకి కాదు. ఒళ్ళు అతుక్కుంది గానీ ఆ ఆజ్ఞ ఇవ్వబడే ఉంది. సేవ్ ఫైల్ వెనక్కి తిప్పినా డ్రాగన్ బతుకుతుందే తప్ప, చంపి చూసినవాడు చంపి చూసినవాడే. నేనేదో ఘోరమంటున్నానని కాదు, కుతూహలం నేరమూ కాదు. రీలోడ్ ఉంది కాబట్టి ఎంపికకి బరువు లేదనే మాట మాత్రం నిలవదు. పైగా బయట ఎవరూ చూడనప్పుడు, ఏ నష్టమూ లేనప్పుడు, ఒక్క మీట నొక్కితే లాభం వచ్చేటప్పుడు కూడా అంతమంది ఆ పని చెయ్యకుండా వదిలేశారంటే, అది మనుషుల గురించి కాస్త ధైర్యం ఇచ్చే విషయం.

ఇంతవరకూ నేను మొదటి రకం వాళ్ళ పక్షమే. ఇక్కడ విడిపోతాను.

రాజమండ్రి సెంట్రల్ జైలు గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. యావజ్జీవ ఖైదీల్లో కొందర్ని ప్రభుత్వం సత్ప్రవర్తన కింద ముందుగా విడుదల చెయ్యడం, పేపర్లో ఫొటోలు రావడం మనం చూస్తూనే ఉంటాం. సత్ప్రవర్తన. పార్థర్నాక్స్ అడిగిన ప్రశ్నకి ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఆ ఒక్క మాటలో ఉంది: మనిషి మారతాడు, మారినవాణ్ణి లోపల ఉంచక్కర్లేదు. నేనూ అదే నమ్ముతాను. కోనసీమలో మా మేనత్త వాళ్ళ వీధిలో ఒకావిడ ఉండేది. గట్టు తగాదాలో ఆమె భర్తని నరికేసినవాడు అలాగే విడుదలై వచ్చాడు. లోపల చదువుకున్నాడు, మాల వేశాడు, ఎంత మారాడో చూడండని ఊళ్ళో అంతా ఆమెకి చెప్పేవారు. ఆవిడ ఒకసారి మా అత్తతో, “మంచోడయ్యాడంటే సంతోషమేనమ్మా. ఆ సంగతి నాకెందుకు చెప్తన్నారు అందరూ?” అంది.

ఈ మాట పక్కన పెట్టుకుని చూస్తే ఆటగాళ్ళ క్షమాగుణం కొంచెం చవగ్గా కనిపిస్తుంది. పార్థర్నాక్స్ కాలంలో చచ్చినవాళ్ళు ఎవరు? బానిసలుగా బతికినవాళ్ళు ఎవరు? ఆటలో వాళ్ళలో ఒక్కరూ మాట్లాడరు. వేల ఏళ్ళ దూరం వాళ్ళని చెరిపేసింది. వాళ్ళ తరఫున మాట్లాడే పని డెల్ఫీన్‌ది అయింది. ఆమె మాటతీరు బాగోదు కాబట్టి వాళ్ళ వ్యాజ్యం కూడా కొట్టేశాం. నాకు విద్య నేర్పాడు, నాతో ప్రేమగా మాట్లాడాడు, కాబట్టి క్షమించేస్తున్నా అంటే, నాది కాని బాకీని నేను మాఫీ చేస్తున్నట్టు. క్షమించే హక్కు ఉన్నవాళ్ళు క్షమించొచ్చు. నేను చెయ్యగలిగింది చంపకపోవడం ఒక్కటే. ఈ రెండూ ఒకటి కావు. వీటి మధ్య తేడా చెరిపేస్తే, ఆ ఆవిడ చుట్టూ చేరి మార్పు గురించి ఉపన్యాసాలు చెప్పిన జనంలో మనమూ కలిసినట్టే.

అందుకే నేను ఆ మాడ్ పెట్టుకోలేదు. ‘కాదు’ అనే వీలు లేకపోవడం ఆట తయారుచేసినవాళ్ళ లోపమని చాలామంది అంటారు. వాళ్ళు ఆలోచించి పెట్టారో, అలా వదిలేశారో నాకు అనవసరం. డెల్ఫీన్‌ని ఒప్పించి, పని ముగిసిందనిపించుకుని, జర్నల్లో గీత కొట్టేసుకుంటే మనకి హాయిగా ఉంటుంది. కానీ దేని మీద గీత కొట్టాం? చంపమన్న ఆజ్ఞ మీదా, ఆ పాత నేరం మీదా? మాడ్‌లో రెండూ ఒకే గీతతో పోతాయి. గీత లేకుండా వదిలేస్తే మాత్రం రెండూ వేర్వేరుగా ఉంటాయి: అతను బతికే ఉంటాడు, అతను చేసింది కూడా ఉంటుంది.

చేసినవాటినే లెక్కపెట్టే అలవాటు మనది. చెయ్యకుండా ఉన్నవాటికి జాబితా ఉండదు. రాజరాజనరేంద్రుడు ఆ రోజు పొద్దున ‘రేపు చూద్దాం’ అని పడుకుని ఉంటే సారంగధరుడి కథే ఉండేది కాదు, ఆ మెట్టకి ఆ పేరూ ఉండేది కాదు. అలా వాయిదా పడి, తర్వాత జరగకుండానే పోయిన శిక్షలు లోకంలో ఎన్నో ఉండి ఉంటాయి. వాటి మీద కావ్యాలు లేవు. ఆ రాజులు జీవితాంతం కాస్త అసంతృప్తిగా, ఏదో చెయ్యాల్సింది మిగిలిపోయినట్టుగానే బతికి ఉంటారు. న్యాయం పూర్తిగా జరిగిందన్న తృప్తీ వాళ్ళకి ఉండదు, క్షమించేశామన్న గొప్పా ఉండదు.

నా సేవ్ ఫైల్లో ఆల్డుయిన్ పోయి చాలా కాలమైంది. యుద్ధం ముగిసింది, ఇల్లు కట్టాను, సంతలో అమ్మడానికి ఏమీ మిగల్లేదు. పార్థర్నాక్స్ తన జాతివాళ్ళకి కొత్త దారి నేర్పడానికి ఎగిరిపోయాడు. జర్నల్ తెరిస్తే అతన్ని చంపమన్న వాక్యం ఇంకా తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. మొదట్లో అది కంట్లో నలుసులా ఉండేది. ఇప్పుడు, అది అక్కడ లేకపోతేనే అబద్ధం అనిపిస్తుంది.