విద్యకు మెట్లు ఎవరికొఱకు?



మహేశ్వరమున శివగంగ రాజరాజేశ్వరాలయము కలదు. అక్కన్న మాదన్నల కాలమున వెలసినదని ప్రతీతి. అచ్చట కోనేటి యెదుట నిలిచినపుడెల్ల నాకొక తలంపు కలుగును. నీరెంత నిండియున్నను దిగుటకు మెట్లు లేనివానికి ఆ నీరు దక్కదు. విద్యయు అట్టిదే. ఊరిలో చదువెంత యున్నదని అడుగుటకు ముందు, దాని మెట్లు ఎవరి పాదములకు అందుచున్నవని అడుగవలెను.

పరాయి పాలన తొలగినను పరాయి చదువు తొలగలేదని పెద్దలు వాపోవుచుందురు. అది నిజమే. 1835లో మెకాలే సమర్పించిన పత్రము ప్రభుత్వ ధనమును ఆంగ్లవిద్య వైపు మళ్లించినది. పాలకులకును ప్రజలకును నడుమ దుబాసీల వంటి చిన్న తరగతిని తయారు చేయుటయే అతని సంకల్పము. పరభాషలో చదువు బాలుని వాని యింటికే దూరము చేయునని కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1986లో వెలువరించిన గ్రంథమున వాదించినాడు.

అయితే మన ప్రాంతపు చరిత్ర ఇంత సూటిగా లేదు. మహేశ్వరము నిజాం రాజ్యములోనిది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇంగ్లీషును కాదని ఉర్దూలో ఉన్నతవిద్య గఱపినది. శాస్త్రగ్రంథముల అనువాదమునకు ప్రత్యేక సంస్థనే నెలకొల్పినది. దేశభాషలో సర్వశాస్త్రములు బోధింపవచ్చునని నిరూపించిన ఆ ఘనకార్యమును తక్కువ చేయరాదు. కాని తెలుగు రైతుబిడ్డకు అదియు ఎక్కలేని మెట్టే అయినది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది.

దీనివలన తెలియవలసిన దేమి? దొర భాషను తొలగించినంతమాత్రమున దొరతనము తొలగదు. ఇంగ్లీషుకు ముందు ఉర్దూ, ఉర్దూకు ముందు పారశీకము, అన్నిటికంటె ముందు సంస్కృతము కొందఱి చేతిలో తాళపుచెవి వలె నున్నవి. ఏ భాషయు స్వతః పాపి కాదు. దానిని తలుపునకు గొళ్లెముగా వేసిన చేయియే దోషి.

ఈ రహస్యమును బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దముననే గ్రహించెను. బ్రాహ్మణ కులమున జన్మించి, బిజ్జలుని కడ భండారియై, పుట్టుకవలన వచ్చిన యోగ్యతను తానై విడిచెను. కన్నడ ప్రజల వాడుక మాటలలో వచనములు పలికెను. చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, చర్మకారుడు హరళయ్య ఆయన సరసన శరణులైరి. మన పాల్కురికి సోమనాథుడును సంస్కృత పండితుడై యుండియు బసవపురాణమును జానుతెనుగున, ద్విపదలో రచించెను. తెలియక కాదు, తెలిసి దిగివచ్చిన వారు వీరు. ఆ దిగివచ్చుటయే ధర్మము.

ఇప్పుడు మనలను మనము ప్రశ్నించుకొందము. మన బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపి, వేదికనెక్కి ఇతరుల బిడ్డలకు మాతృభాషాభిమానము బోధించుట న్యాయమా? ఇంగ్లీషు కావలెనని కోరు కూలివాని కోరికలో దాస్యమును వెదకు అధికారము మనకెక్కడిది? తరతరములుగా సంస్కృత పాఠశాలలో అడుగిడనీయబడని వారికి ఇంగ్లీషు తెఱచిన ద్వారముగా కనబడినది. సావిత్రిబాయి ఫూలే 1854లో ప్రకటించిన కవితలలో ఇంగ్లీషును కొనియాడుట అందువలననే.

అట్లని తల్లిభాషను వదలుకొనుమనుట కాదు. బడినుండి వచ్చిన ఇంగ్లీషు కాగితమును చదువలేక కన్నబిడ్డ యెదుట తలదించుకొను తల్లిని మన యూళ్లలో చూడవచ్చును. ఆ బిడ్డ నేర్చిన మొదటి పాఠము అక్షరము కాదు, అమ్మకు ఏమియు తెలియదనునది. ఇంతకంటె పెద్ద నష్టము మఱొకటి కలదా?

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినపుడు, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు ముద్రించిరి. ఆ ఎదురెదురు పుటలే మనకు మార్గము చూపుచున్నవి. రెండు భాషలును బీదబిడ్డకు దక్కవలెను. తెలుగున ఆలోచన వేరూనవలెను, ఇంగ్లీషున లోకము అందవలెను. ఒకదానిని ధనికులకును, మఱొకదానిని పేదలకును పంచుట భక్తిమార్గము కాదు.

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వాములవారు (1907-2019) కులభేదము పాటింపక వేలాది బాలురకు అన్నముతోపాటు అక్షరమును ఉచితముగా ఒసగిరి. అంతటి పని మనకు శక్యము కాకపోవచ్చును. కాని రెండు భాషలెఱిగిన ప్రతి శరణుడు వారమున కొక సంధ్యవేళ, తన మఠము అరుగుమీద, తన కులము కాని పదిమంది బిడ్డలకు రెండు పుటలును చదివి చెప్పలేడా? వారి తల్లులను గూడ పిలిచి, ఆ కాగితములోని మాటలు విప్పి చెప్పలేడా?

తనకు అయాచితముగా లభించిన మెట్టును ఇతరులకొఱకు కట్టిపెట్టినవాడే విద్యావంతుడు. తక్కినవాడు ఎంత చదివినను కోనేటి గట్టుమీది కావలివాడు మాత్రమే.